అతుక్కున్న పేజీలు

“ఆ గిన్నె నా గిన్నెల్లో కలపకు” అని అత్తగారు రోజూ పొద్దున్నే అనే మాటకి ఇరవై ఏళ్లు నిండాయి. గిన్నెలో ఉడుకుతున్నది మైదా. ఒక పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ తిండి, రెండో పొయ్యి మీద షాపుకి లై, అంటే అట్టలు అంటించే జిగురు. లై ఉడికినంతసేపూ కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందంటే ఉండలు కట్టి, ఆ ఉండలు తర్వాత ఏ పుస్తకం వెన్నులోనో గడ్డలై తేలతాయి. కాబట్టి కోడలి కుడిచెయ్యి కలుపుతూ ఉంటుంది, ఎడమచెయ్యి మిగిలిన సంసారం చేస్తుంది. మూతలు తీస్తుంది, టిఫిన్ డబ్బాలు కడుతుంది, భర్త కళ్లజోడు వెతికి అందిస్తుంది. ఆ కళ్లజోడు రోజూ ఫ్రిజ్ మీదే ఉంటుంది, ఆయన రోజూ అడుగుతాడు.

“బైబిల్ ఎంతవరకొచ్చింది?” అన్నాడాయన కళ్లజోడు పెట్టుకుంటూ.

“ఈ వారంలో అయిపోతుందండీ.”

“తొందరగా తెమల్చు. మీ అన్నయ్య నిన్న కూడా ఫోన్ చేశాడు. పాపం, ఎంతకాలం ఆగుతాడు?”

పాపం అనే మాట ఆ ఇంట్లో ఎవరి గురించైనా వాడతారు గాని, లై కలిపేవాళ్ల గురించి వాడరు.

ఆమెకి నలభై నాలుగేళ్లు. చర్చి సంఘంలో అందరికీ ఇప్పటికీ బైండింగాయన కూతురే. బైండింగాయన రెండు నెలల క్రితం చనిపోయాడు. ఆయన షాపు ఒక పొడుగాటి గది. ముందు వైపు బల్ల, కుర్చీ, వెనకవైపు కుట్టు చట్రం, రెండు ఇనప ప్రెస్సులు, కాగితం కోసే కత్తి. గది పైన బోర్డు మీద ఆయన పేరు, దాని పక్కన “అండ్ సన్” అని ఉంటుంది. అన్నయ్య పుట్టిన వారంలోనే ఆ రెండు మాటలూ రాయించారట. ఆ సన్‌గారు జీవితంలో సూదిలోకి దారం ఎక్కించలేదు. ఆయనకి దుమ్ము పడదు. చిన్నప్పుడు షాపు గుమ్మం ఎక్కగానే నాలుగు తుమ్ములు తుమ్మేవాడు, వాళ్ల నాన్న వెంటనే “పోరా, బయట ఆడుకో” అనేవాడు. ఆమెకీ దుమ్ము పడేది కాదు. ఆమె తుమ్ముతూనే కుట్టింది.

పదిహేనో ఏట మొదలుపెట్టింది. పెళ్లయ్యాక అత్తింటి నుంచి నడిచి వచ్చి కుట్టేది, పురుళ్ల మధ్య వచ్చి కుట్టేది. ఆఖరి ఆరేళ్లలో నాన్న చేతులు వణకడం మొదలైంది. అప్పట్నుంచి పనంతా ఆమెదే. ఆయన ముందు బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎవరైనా పుస్తకం తిప్పి చూసి “ఎంత బాగా కుట్టారండీ, చేతిలో ఉందండీ పనితనం” అంటే ఆయన తన చేతుల్ని బల్ల కిందికి దాచుకుని తల ఊపేవాడు. వెనకగదిలోంచి ఆమెకి ఆ మెచ్చుకోలు వినిపించేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నవ్వు రాలేదు. కోపం వచ్చింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ దారానికి మైనం పూసుకునేది.

“నీది పని కాదోయ్, వ్యాపకం” అనేవాడు భర్త. వ్యాపకానికి సెలవులుంటాయి కదా అని ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అన్నయ్య ఆ గదిని ఫోన్ల షాపుకి అద్దెకిస్తానంటున్నాడు. ప్రెస్సులు పాత ఇనుము కింద పోతాయి. చట్టం ప్రకారం గదిలో ఆమెకీ వాటా ఉంది, ఆమె సంతకం లేకుండా ఇవ్వడం కుదరదు, ఆమె ఇంకా పెట్టలేదు. ఆ సంఘంలో విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెళ్లరు. తగువేదైనా వస్తే పాస్టర్ గారూ ఇద్దరు పెద్దలూ ఆరాధన తర్వాత కార్యాలయం గదిలో కూర్చుంటారు. బల్ల మీద వేదిక బైబిల్, అంటే ఆరాధనలో వేదిక మీద ఉంచి చదివే పెద్ద బైబిల్, తెరిచి పెడతారు. తీర్పు చెప్పాక రెండు పక్షాలవాళ్లూ దాని మీద చెయ్యి పెట్టి “ఇది వాక్యం చెప్పిన తీర్పు అని ఒప్పుకుంటున్నాను” అనాలి. ఆ తర్వాత సంతకం పెద్ద విషయం కాదు, పెన్ను ఇస్తే పెట్టేస్తారు. ఆ మాట అన్నాక వెనక్కి తీసుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. ఆమె కూడా తీసుకోదు. అన్నదంటే ఆమె షాపు పోయినట్టే.

అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, బైబిల్ ఒక్కటే సిద్ధంగా లేదు. నాన్న సమాధి దగ్గర పాస్టర్ గారు అందులోంచి యోబు మొదటి అధ్యాయం చదువుతుండగా రెండు ఫారాలు, అంటే కలిపి కుట్టిన ఆకుల కట్టలు, ఊడి ఆయన చేతిలోకి వచ్చేశాయి. దేవుడు ఇచ్చాడు, దేవుడే తీసుకున్నాడు అనే చోటుకి రాగానే ఊడాయి. జనం కన్నీళ్ల మధ్య ఉన్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆమె గమనించింది. వెన్ను జిగురు ఎండిపోయిందని దూరం నుంచే తెలిసిపోయింది. పోయిన వారం పుస్తకాన్ని తెల్లగుడ్డలో చుట్టి ఆమె దగ్గరికే పంపారు. “దేవుడి సేవ కదమ్మా, నీకంటే బాగా ఎవరు చేస్తారు?” అన్నారు పాస్టర్ గారు. సేవ అన్నారంటే ఊరికే అని అర్థం, అది ఆమెకి ఎప్పుడో తెలుసు.

“ఫోన్లో బైబిల్ ఉందిగా, దాంతో కానిచ్చేద్దాం” అన్నాడట అన్నయ్య. పెద్దల్లో ఒకాయన, హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినాయన, ఒప్పుకోలేదు. “ఫోన్ మీద చెయ్యి పెట్టి ఒప్పుకుంటుంటే మధ్యలో ఎవడో కాల్ చేస్తే ఏం చేస్తాం?” అన్నాడట. అలా తన తీర్పు పుస్తకాన్ని తనే కుట్టుకునే పని ఆమె మీద పడింది. కావాలంటే నెలలు సాగదీయొచ్చు, ఆమెని అడిగే మొనగాడు లేడు. కాని పనిని పట్టి ఉంచడం ఆమెకి చేతకాదు.

షాపుకి వెళ్లి, తలుపు వేసుకుని, ప్రెస్సులోంచి పుస్తకాన్ని తీసింది. పాత అట్ట విప్పేసింది. వెన్ను మీది ఎండు జిగురు గీకేసింది. ఫారాలు ఒక్కొక్కటే విడదీసి వరసగా పేర్చుకుంది. పుస్తకాన్ని ఇలా విప్పి చూసినవాళ్లకి దాన్ని ఎవరు ఎలా వాడారో తెలిసిపోతుంది. చదివేవాళ్లు చెప్పే మాటలు వేరు, పేజీల అంచులు చెప్పేది వేరు. కీర్తనల అంచులు నల్లబడి మెత్తబడ్డాయి. సామెతల గ్రంథంలో గుణవతి అయిన భార్య గురించిన ఆకుకి రెండు చోట్ల అతుకులు. స్త్రీల కూటం ఎప్పుడు జరిగినా దాన్నే తెరుస్తారు, తెల్లవారక ముందే లేచి ఇంటివాళ్లకి వండిపెట్టే ఆవిడ సంగతి చదివి, కూటానికి వచ్చినవాళ్లని తొందరగా ఇంటికి పంపించేస్తారు. భార్యలు లోబడి ఉండాలన్న పేజీ అడుగు మూల అసలు లేనే లేదు. ఎన్ని పెళ్లిళ్లలో ఎందరి బొటనవేళ్లు అక్కడ ఆనాయో, అరిగి రాలిపోయింది. భర్తలు ప్రాణం పెట్టి ప్రేమించాలన్న మాట అదే పేజీలో, దాని వెంటనే, శుభ్రంగా ఉంది.

కొన్ని పేజీలు అసలు తెరుచుకోలేదు. అంచులకి బంగారు పూత పూసిన పుస్తకాల్లో ఇది మామూలే. కొత్తలో పూత వల్ల ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మొదటిసారి తెరిచినప్పుడు చిన్న చప్పుడుతో విడిపోతాయి. ఎవరూ తెరవకపోతే అంటుకునే ఉంటాయి. వేదిక బైబిల్ సంఘానికి వచ్చి యాభై రెండేళ్లయింది. యాభై రెండేళ్ల తర్వాత కూడా దాంట్లో మూడో వంతు అలాగే ఉంది. ముగ్గురు పాస్టర్లు మారారు, నాలుగో ఆయన నడుస్తున్నారు, ఆ ఆకుల అంచున పూత మాత్రం కొత్తగా మెరుస్తోంది.

అతుక్కున్న ఆకులతో కుడితే తర్వాత తెరిచినప్పుడు చిరుగుతాయి. విడదీయడం బైండర్ పని. చదవడం బైండర్ పని కాదు. నాన్న మొదటిరోజే చెప్పాడు: “చదవకు. చదివితే చెయ్యి ఆగుతుంది.” లా పుస్తకాలూ, ఆస్పత్రి రిజిస్టర్లూ, ఎవరెవరివో పరిశోధన గ్రంథాలూ ఆమె చేతుల్లోంచి వెళ్లాయి, ఒక్క వాక్యం చదవలేదు. ఇంట్లో ఆమెకి తన చిన్న బైబిల్ ఉంది. రోజుకింత అని పట్టిక ప్రకారం ఏటా పూర్తి చేస్తుంది. కాని పొయ్యి మీద ఒక కన్ను వేసి చదివే చదువు అది. కళ్లు పేజీ దాటతాయి, మాట మిగలదు.

ఎముకతో చేసిన సన్నటి బద్దని ఆకుల మధ్య దూర్చి మెల్లిగా జరుపుతూ వచ్చింది. సంఖ్యాకాండంలో ఒక ఆకు విడిపోయాక చెయ్యి ఆగింది. అక్కచెల్లెళ్లు ఐదుగురు. తండ్రి చనిపోయాడు. వాళ్లు జనమందరి ముందుకీ వచ్చి నిలబడి, మా నాన్న భాగం మాకివ్వండి అని అడుగుతున్నారు. నాయకుడికి ఏం చెప్పాలో తోచక దేవుడి దగ్గరికి వెళ్లాడు. వాళ్లు అడిగింది న్యాయమే అన్నాడు దేవుడు.

ఆమె బద్ద కింద పెట్టి మళ్లీ చదివింది. కింది వచనంలో నియమం ఉంది. ఒక మనిషి చనిపోతే, కొడుకు లేకపోతే, కూతురికి.

కొడుకు లేకపోతే. ఆమెకి నవ్వొచ్చింది. బోర్డు మీదే రాసుందిగా సన్ అని. ఫారం మడిచి పక్కన పెట్టింది. ఆ వచనం కంటికి కనబడనట్టు నటించడం ఆమె వల్ల కాలేదు. ఇంట్లో వాళ్లు బైబిల్ని తమకి కావలసిన చోటే తెరుస్తారని ఆమెకి ఎంతో కాలంగా ఒళ్లు మంట. అదే పని తనూ చేస్తే ఇక ఆ మంటకి అర్థం ఉండదు.

మూడు రోజుల తర్వాత యోబు చేతికొచ్చింది. మొదటి ఆకు పట్టుకుంటే ఊడి వచ్చేట్టుంది. సంఘంలో పోయినవాళ్లందరి మీదా చదివిన ఆకు అది. ఆఖరి ఆకు మాత్రం ముందు దానికి అంటుకుని ఉంది. ఆ పుస్తకంలో ప్రతి గ్రంథమూ కొత్త ఆకు కుడివైపున మొదలవుతుంది. అందువల్ల యోబు ముగింపు ఒక ఆకు ముందువైపున పడింది, దాని వెనకవైపు ఖాళీ. కీర్తనల కోసం తెరిచేవాళ్లకి ఆ ఖాళీ వైపే కనిపిస్తుంది. బద్ద దూర్చింది. చిన్న చప్పుడుతో ఆకు విడిపోయింది.

యోబుకి పోయినవన్నీ తిరిగి వచ్చాయి. మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. కొడుకుల్లో ఒక్కడి పేరూ రాయలేదు. కూతుళ్లు ముగ్గురి పేర్లూ వరసగా ఉన్నాయి. వాళ్ల తండ్రి వాళ్లకి అన్నదమ్ములతో పాటు ఆస్తిలో భాగం ఇచ్చాడు. అన్నదమ్ములు లేకపోతే అని కాదు, అన్నదమ్ములతో పాటు.

ఆ రోజు ఆమె ఇంకేమీ కుట్టలేదు.

రాత్రి భోజనాల దగ్గర భర్తని అడిగింది. ఆయన ఆదివారం బడికి పద్దెనిమిదేళ్లుగా పెద్ద. “ఏవండీ, యోబు గ్రంథం చివర ఏముంటుంది?”

“అన్నీ రెండింతలు తిరిగొస్తాయి. చిన్నపిల్లలు కూడా చెప్తారు.”

“కూతుళ్ల సంగతి?”

“వాళ్లూ తిరిగొస్తారు” అని కూర గిన్నె ముందుకి జరిపాడు. “కొంచెం వెయ్యి.”

వేసింది.

శనివారానికి పుస్తకం పూర్తయింది. కొత్త తోలు అట్ట, గుండ్రటి వెన్ను, ఎక్కడ తెరిచినా బల్ల మీద చదునుగా పడుకుంటుంది. తన పనుల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదని ఆమెకే అనిపించింది. గర్వపడింది. ఎవరితోనూ చెప్పలేదు.

ఆదివారం ఆరాధన తర్వాత కార్యాలయం గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పాస్టర్ గారు, హెడ్మాస్టరు గారు, మందుల షాపు పెద్దాయన, అన్నయ్య, ఆమె భర్త. ఆమె కూర్చోబోతుంటే మందుల షాపాయన ఫ్లాస్కు చూపించి “కాస్త టీ పొయ్యమ్మా, నువ్వైతే సమానంగా పోస్తావు” అన్నాడు. తన తగువుకి వచ్చిన ఐదుగురికీ ఆమె సమానంగా పోసింది. పాస్టర్ గారు ప్రార్థన చేసి, బైబిల్ తెరిచి, వెన్ను మీద చెయ్యి రాసి సంతోషపడ్డారు.

“సంఖ్యాకాండం చూద్దాం” అన్నారు. “ఎంత చక్కగా తెరుచుకుంటోందో చూడండి!” ఆ ఐదుగురు అక్కచెల్లెళ్ల గురించి చదివారు, నియమం దగ్గర గొంతు పెంచారు. “కొడుకు లేకపోతేనే కూతురికి. ఇక్కడ కొడుకున్నాడు. పైగా పెళ్లయిన అమ్మాయి భర్త ఇంటిది. వాక్యం స్పష్టంగా ఉంది. బాధపడకమ్మా, ఇది మా మాట కాదు.”

అన్నయ్య లేచి, ఎవరూ అడగక ముందే బైబిల్ మీద చెయ్యి పెట్టి గబగబా ఒప్పుకోలు మాట అనేశాడు. కూర్చుంటూ ఆమె వైపు చూసి “నీకేం లోటు చెయ్యను చెల్లీ” అన్నాడు. నిజంగానే అన్నాడు. చెడ్డవాడు కాడు, ఆ గదిలో చెల్లెలు ఏం చేసేదో చూడలేదంతే.

“రామ్మా” అన్నారు పాస్టర్ గారు.

ఆమె లేచి బల్ల దగ్గరికి వచ్చింది. “అయ్యగారూ, ఒక్క చోటు నేను చదవొచ్చా?”

“నువ్వెందుకమ్మా శ్రమపడటం, ఎక్కడో చెప్పు, నేను చదువుతాను.”

“యోబు, ఆఖరి పేజీ.”

ఆయన తిప్పి, చదవడం మొదలుపెట్టారు. కూతుళ్ల పేర్ల దగ్గర కొంచెం తడబడ్డారు, ఎప్పుడూ నోటితో పలికినవి కావు. అన్నదమ్ములతో పాటు అనే చోట గొంతు దిగింది. చదవడం పూర్తయ్యాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అది యోబు ఇష్టం” అన్నాడు అన్నయ్య. “ఆయన ఇచ్చాడు. నాన్న ఇవ్వలేదుగా?”

“అవును” అన్నారు పాస్టర్ గారు తేరుకుని. “ఇది జరిగిన సంగతి చెప్పడం, అంతే. ఆజ్ఞ కాదమ్మా.”

“తెలుసండీ. ఆజ్ఞ కాదు.”

“మరి ఇంకేం? ఒప్పుకుంటున్నావు కదా, చెయ్యి పెట్టు.”

“ఇవ్వాలని ఇక్కడ లేదు. ఇవ్వకూడదని కూడా లేదు కదండీ. అన్నయ్యకి గది కావాలి, పెద్దలు సరేనన్నారు, అని రాయండి. ఆ కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో ఆలోచించుకుంటాను. వాక్యం చెప్పింది అని మాత్రం నేను అనలేను.”

“మాట మారిస్తే ఎలా?” హెడ్మాస్టరు గారు విసుక్కున్నారు. “వాక్యం అని లేకపోతే మేం చెప్పినదానికి విలువేముంటుంది?”

అనేశాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది. టీ గ్లాసు ఎత్తి, ఖాళీ అని చూసుకుని, కింద పెట్టారు. భర్త ఆమె పక్కకి వచ్చి, నలుగురికీ వినిపించేంత మెల్లగా, “అందరి ముందూ పరువు తియ్యకు. పెట్టెయ్. ఒక్క నిమిషం పని” అన్నాడు.

ఆమెకి భయం వేసింది. రేపటి నుంచి సంఘంలో ఎవరు పలకరిస్తారో, ఎవరు మొహం తిప్పుకుంటారో, ఇంట్లో పొయ్యి దగ్గర ఎన్ని మాటలు పడాలో అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. కూతురిగా, కోడలిగా, భార్యగా తన ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా సంతకం పెడుతూనే వచ్చింది. పెట్టనని అనడం ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

పాస్టర్ గారు బైబిల్ని ఆమె వైపుకి జరిపారు. ఆయనకి కోపం రాలేదు, నిజంగా బెంగగా ఉంది.

“ఒక్క మాట చెప్పమ్మా. ఈ గ్రంథం దేవుడి మాట అని నమ్ముతున్నావా, లేదా?”

“నమ్ముతున్నానండీ” అంది ఆమె. “అందుకే చెయ్యి పెట్టను.”